శస్త్రచికిత్స తరువాత పిల్లల నొప్పి: ఓర్చుకోమనడం వైద్యం కాదు

నలభై ఏళ్లు దాటిన నా వైద్యవృత్తిలో నేను చేసిన పొరపాట్లు లేకపోలేదు. వాటిలో ఒకదానిని ఈ వ్యాసంలో పాఠకుల ముందు ఉంచుతున్నాను. దాచుకుంటే నా పరువు నిలుస్తుంది. చెబితే పది ఇళ్లలో పసిపిల్లలకు మేలు కలుగుతుంది. రెండవదే నాకు ముఖ్యం.

2016 వేసవిలో మా మనుమరాలికి టాన్సిల్స్ ఆపరేషన్ జరిగింది. అప్పటికి ఆ బిడ్డకు ఏడేళ్లు. మరునాడే ఇంటికి పంపించారు. నొప్పి తగ్గించే సిరప్ ఆరు గంటలకొకసారి తప్పకుండా ఇవ్వాలనీ, చల్లని పానీయాలు, ఐస్‌క్రీం ధారాళంగా తినిపించాలనీ డాక్టరు గారు చీటీ మీద వ్రాసి ఇచ్చారు. అది చదివి నేను నొసలు చిట్లించాను. కంఠం కఫస్థానం కదా, అక్కడ చల్లని పదార్థమేమిటని నా తర్కం. "మందులు ఎక్కువైతే కాలేయం చెడుతుందమ్మా. మరీ ఏడిస్తేనే వెయ్యి" అని మా అమ్మాయికి చెప్పాను. ఐస్‌క్రీం మాన్పించి మిరియాల కషాయం చేయించాను.

మొదటిరోజు బిడ్డ ఏడ్చింది. రెండవరోజు ఏడవలేదు. "చూశావా, నొప్పి తగ్గింది" అన్నాను. మూడవరోజు ఉదయం నుంచి ఆమె మాట్లాడలేదు, గుక్కెడు నీరు మింగలేదు. నోటివెంట చొంగ కారుతూ ఉంటే చేతిగుడ్డతో తుడుచుకుంటూ గోడవైపు తిరిగి పడుకుంది. మధ్యాహ్నం దాటినా మూత్రం కాలేదు. అప్పుడు మా అమ్మాయి, "నాన్నా, ఇది తగ్గడం కాదు. మింగలేక ఊరుకుంది" అన్నది. ఆ సాయంత్రమే ఆస్పత్రిలో చేర్చాము. ఒళ్లు ఎండిపోయిందని సెలైన్ ఎక్కించారు. వేళకు నొప్పిమందు పడింది. తెల్లవారేసరికి బిడ్డ లేచి కూర్చుని ఐస్‌క్రీం అడిగింది.

ఆ రాత్రి ఇంటికి వచ్చి కశ్యప సంహిత తీశాను. శిశువు నోటిలో వ్యాధి ఉన్నదని ఎలా గుర్తించాలో అందులో ఉంది: చొంగ ఎక్కువగా కారుతుంది, స్తన్యం ఒల్లదు, నెమ్మది ఉండదు, బాధపడుతుంది. బాల్యంలో గురువుగారి ఎదుట కూర్చుని కంఠస్థం చేసిన శ్లోకమే అది. శిష్యులకు ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. నా కళ్లెదుట నా మనుమరాలు ఆ లక్షణాలన్నీ చూపుతూ ఉంటే నేను చూడలేకపోయాను. శాస్త్రంలో లోపం లేదు. బిడ్డ నొప్పిని నమ్మకపోవడమే నా లోపం.

ప్రాచీనులు ఏమన్నారు?

"పూర్వం ఆపరేషన్ నొప్పిని ఓర్చుకోలేదా?" అని పెద్దలు అడుగుతూ ఉంటారు. శల్యతంత్రానికి ఆద్యుడైన సుశ్రుతుడు నొప్పిని రోగి ఓర్పుకు వదిలిపెట్టలేదు. సుశ్రుత సంహిత సూత్రస్థానం 5వ అధ్యాయంలో శస్త్రకర్మ విధానమంతా చెప్పి, శస్త్రం తగలడం వల్ల పుట్టిన తీవ్రవేదనకు అతిమధురం చేర్చిన గోరువెచ్చని నేతిని విధించాడు. 17వ అధ్యాయంలో, వేదన సహించలేనివాడు, మద్యం అలవాటున్నవాడు అయితే శస్త్రకర్మకు ముందే తీక్ష్ణమైన మద్యం త్రాగించమన్నాడు. 8వ అధ్యాయంలో శిశువులకూ, శస్త్రమంటే భయపడేవారికీ కత్తికి బదులుగా వెదురుబద్ద, స్ఫటికం వంటి అనుశస్త్రాలను సూచించాడు. 19వ అధ్యాయంలో, వ్రణంతో పడుకున్నవాని చుట్టూ ప్రియమైన మిత్రులు ఉండి కథలతో అతని వేదనను మరపించాలని చెప్పాడు.

వేదనకు ముందే ఏర్పాటు చేయడం, పిల్లల భయాన్ని మన్నించడం, తరువాత ఉపశమనం కలిగించడం, మనస్సుకు ఆసరాగా నిలవడం అనే నాలుగు సూత్రాలు ఇందులో ఉన్నాయి. నేటి ఆస్పత్రులు పాటించవలసినవీ ఇవే. అయితే సూత్రాన్ని గ్రహించాలి గాని ఆనాటి ఉపాయాన్ని యథాతథంగా దించరాదు. నేడు కుట్లు వేసిన గాయం మీద నెయ్యి పోయడం ప్రమాదకరం. మద్యం మాట తలపెట్టనే కూడదు. దానికంటే వేయిరెట్లు మేలైన మత్తువిధానాలు నేడు ఉన్నాయి.

మాటరాని శిశువు నొప్పిని ఎలా చెబుతుంది?

కశ్యప సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయానికి వేదనాధ్యాయమని పేరు. మాటలు రాని బిడ్డల వేదనను వైద్యుడు ఎలా తెలుసుకోవాలన్నది అక్కడి ప్రశ్న. చెవి నొప్పి ఉన్న బిడ్డ చేతులతో చెవులు తాకుతుంది, తల ఆడిస్తుంది. కడుపునొప్పి ఉన్న బిడ్డ పాలు వదిలి ఏడుస్తుంది, వెల్లకిల పడుకుంటుంది, పొట్ట బిగుసుకుంటుంది, ముఖాన చెమట పడుతుంది. ఇలా ఒక్కొక్క అవయవం నొప్పికీ లక్షణాలు వర్ణించారు.

ఇంతటి పరిశీలన మనకు ఉండగా, ఆధునిక వైద్యలోకం మాత్రం నవజాత శిశువులకు నొప్పి అంతగా తెలియదని చాలాకాలం నమ్మింది. 1980ల మధ్యకాలం వరకు అమెరికా, ఐరోపా దేశాలలో సైతం కొన్ని చోట్ల అప్పుడే పుట్టిన బిడ్డలకు కదలకుండా చేసే మందు మాత్రమే ఇచ్చి, తగినంత మత్తు లేకుండానే శస్త్రచికిత్స చేసేవారు. ఈ నమ్మకాన్ని కదిలించినవారిలో ముఖ్యుడు మన దేశంలో వైద్యవిద్య చదివిన డాక్టర్ కన్వల్జీత్ సింగ్ ఆనంద్. నెలలు నిండని శిశువులకు గుండె వద్ద శస్త్రచికిత్స జరిగినప్పుడు, బలమైన నొప్పిమందు పొందిన బిడ్డల శరీరం తక్కువ ఒత్తిడికి లోనై, బాగా కోలుకున్నదని ఆయన, సహచరులు 1987లో ప్రకటించారు.

1997లో అమెరికా వైద్యులు, నర్సులు ఒక కొలతను ప్రచురించారు. ముఖం, కాళ్లు, కదలిక, ఏడుపు, ఓదారిస్తే ఊరుకోవడం అనే అయిదింటినీ గమనించి, ఒక్కొక్కదానికి సున్న నుంచి రెండు వరకు మార్కులు వేస్తారు. మొత్తం పదికి ఎన్ని వస్తే నొప్పి అంత. నాకు ఇది వేదనాధ్యాయానికి తోబుట్టువు వలె తోచింది. తల్లులు ఇంటివద్దనే దీనిని గమనించవచ్చు. నుదురు ముడుచుకున్నదా? కాళ్లు ముడిచి తన్నుకుంటున్నదా? ఒళ్లు విల్లులా బిగించిందా? ఎత్తుకున్నా ఊరుకోవడం లేదా?

మూడు, నాలుగేళ్లు దాటిన బిడ్డకు నవ్వుముఖం నుంచి ఏడుపుముఖం వరకు ఆరు బొమ్మలు గీసి చూపి, "నీ నొప్పి ఏ బొమ్మలా ఉంది?" అని అడగవచ్చు. ఎనిమిదేళ్లు దాటినవారు పదికి ఎంత అని అంకెతో చెప్పగలరు. వారు చెప్పిన అంకెను తగ్గించి వినకండి. నిశ్శబ్దంగా కదలకుండా పడుకున్న బిడ్డకు నొప్పి లేదనుకోకండి. కదిలితే నొప్పి అని తెలిసిన బిడ్డ కదలదు.

నొప్పిని వదిలేస్తే ఏమవుతుంది?

నొప్పి వల్ల బిడ్డ మింగదు. అందువల్ల నీరసం, ఒళ్లెండిపోవడం కలుగుతాయి. పొట్టకు శస్త్రచికిత్స జరిగిన బిడ్డ నొప్పికి భయపడి గట్టిగా ఊపిరి తీయదు, దగ్గదు. ఊపిరితిత్తుల అడుగున కఫం నిలిచి జ్వరం, న్యుమోనియా వచ్చే అవకాశం ఉంది. నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే నొప్పి మరింత తెలుస్తుంది. ఎముకల శస్త్రచికిత్స తరువాత కీలు కదల్చకపోతే అది బిగుసుకుపోతుంది. పెద్ద శస్త్రచికిత్సల తరువాత కొందరు పిల్లలలో నొప్పి నెలల తరబడి నిలిచిపోతుంది. మొదటిరోజులలో నొప్పి తీవ్రంగా ఉన్నవారిలో, భయం ఎక్కువగా ఉన్నవారిలో ఈ అపాయం అధికం. కనుక నొప్పి తగ్గించడం విలాసం కాదు, కోలుకోవడంలో భాగం.

గడియారం చూసి మందు

మా ఇంట జరిగిన తప్పు ఇక్కడే. మొదటి రెండు, మూడు రోజులు బిడ్డ ఏడ్చిన తరువాత మందు వేయడం కాదు, సర్జన్ చెప్పిన వేళకు వేయాలి. మంట పెద్దదైన తరువాత ఆర్పడం కష్టం. టాన్సిల్స్ వంటి శస్త్రచికిత్సలలో రాత్రి నిద్ర లేపి అయినా వేయమని చెబితే వేయాలి. నిద్ర చెడుతుందని జాలిపడితే తెల్లవారుజామున బిడ్డ భరించలేని నొప్పితో మేల్కొంటుంది.

పిల్లలకు సాధారణంగా వాడేది పారాసెటమాల్. మోతాదు వయస్సును బట్టి కాదు, బరువును బట్టి ఉంటుంది. ఒక్కొక్క పర్యాయం కిలో బరువుకు 15 మిల్లీగ్రాములకు మించకుండా, ఆరు గంటలకొకసారి చొప్పున రోజుకు నాలుగు పర్యాయాలు ఇవ్వడం వాడుక. అంటే 20 కిలోల బిడ్డకు ఒకసారికి 300 మిల్లీగ్రాములు. బజారులో ఒకే పేరుతో దొరికే సిరప్ సీసాలలో అయిదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములవీ ఉన్నాయి, 250 మిల్లీగ్రాములవీ ఉన్నాయి. సీసా మారితే మోతాదు రెట్టింపవుతుంది. కనుక సీసా మీది అంకె చదవండి. వంటింటి చెంచాతో కొలవకండి, సీసాతో ఇచ్చిన మూత లేదా సూదిలేని సిరంజితో కొలవండి. జలుబు మందులలో కూడా పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిపి వేయరాదు. కాలేయానికి హాని చేసేది మోతాదు మించిన మందు. సరియైన మోతాదులో కొద్దిరోజులు వాడినంత మాత్రాన భయపడనక్కరలేదు.

దీనికి తోడుగా ఐబుప్రోఫెన్ వ్రాయవచ్చు. ఒళ్లెండిన బిడ్డకు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారికి అది మంచిది కాదు. ఆస్త్మా ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వరాదు. నిమెసులైడ్‌ను పన్నెండేళ్లలోపు పిల్లలకు మన ప్రభుత్వం 2011లో నిషేధించింది. పాత సీసా ఇంట్లో ఉంటే పారేయండి. కోడీన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. కొందరి శరీరం దానిని అతివేగంగా మార్ఫిన్‌గా మార్చుతుంది, ఊపిరి మందగించి ప్రాణం పోవచ్చు. అందుచేత కోడీన్, ట్రమడాల్ పన్నెండేళ్లలోపు పిల్లలకు వద్దనీ, టాన్సిల్స్ తీసిన తరువాత పద్దెనిమిదేళ్లలోపు ఎవరికీ వద్దనీ అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో ఆదేశించింది. పెద్దలకు వ్రాసిన నొప్పి మాత్రలు విరిచి పిల్లలకు వేయరాదని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

పెద్ద శస్త్రచికిత్స తరువాత ఆస్పత్రిలో మార్ఫిన్ ఇస్తే "నల్లమందు అలవాటవుతుందేమో" అని భయపడి వద్దనకండి. వైద్యుల పర్యవేక్షణలో, నొప్పి ఉన్న కొద్దిరోజులు ఇచ్చే మందుకూ వ్యసనానికీ చాలా దూరం. నడుము దిగువన ఇంజక్షన్ ఇచ్చి తిమ్మిరి ఎక్కించిన పిల్లలకు మొదటి కొన్ని గంటలు నొప్పి ఉండదు. ఆ తిమ్మిరి విడిచేలోపే తరువాతి మందు పడాలి. ఎప్పుడు మొదలుపెట్టాలో ఇంటికి బయలుదేరేముందే అడిగి వ్రాసుకోండి.

వంటింటి నుంచి ఏది మేలు?

ఆహారం ఎప్పుడు మొదలుపెట్టాలన్నది సర్జన్ నిర్ణయం. అనుమతి దొరికిన తరువాత మన పేయాది క్రమం ఎంతో ఉపకరిస్తుంది. పలుచనితో మొదలుపెట్టి క్రమంగా చిక్కన చేయడమే దాని సారం.

1. బియ్యపు జావ: బియ్యపు రవ్వ ఒక వంతు, నీరు పదునాలుగు వంతులు. మెత్తగా ఉడికించి, చిటికెడు సైంధవలవణం చేర్చి, కొద్దికొద్దిగా త్రాగించాలి.

2. పెసరకట్టు: గుప్పెడు పెసరపప్పు దోరగా వేయించి, ఎనిమిది రెట్లు నీటిలో ఉడికించి, పై తేటను వంచుకోవాలి. ఉప్పు, చిటికెడు జీలకర్ర పొడి చాలు.

3. మలబద్ధకానికి: బలమైన నొప్పిమందులు విరేచనాన్ని బిగిస్తాయి. ముక్కితే కుట్లు నొప్పిపెడతాయి. పది ఎండుద్రాక్షలు రాత్రి నానవేసి, ఉదయం పిసికి వడగట్టిన నీరు ఇవ్వవచ్చు. బాగా పండిన బొప్పాయి మంచిది. రెండు రోజులైనా విరేచనం కాకపోతే డాక్టరును అడగండి.

4. టాన్సిల్స్ తీసినవారికి: జావ గాని, కట్టు గాని చల్లార్చి ఇవ్వండి. మిరియాలు, కారం, పులుపు, కరకరలాడే పదార్థాలు వద్దు. చల్లని నీరు, ఐసుముక్క, ఐస్‌క్రీం, చల్లని మజ్జిగ ఇవ్వండి. కఫవాదం చెప్పి వాటిని మాన్పించిన నేనే ఇప్పుడు ఈ మాట చెబుతున్నాను. పుండు పడిన కంఠంలో దాహం, మంట పిత్తలక్షణాలు. అక్కడ శీతోపచారమే శాస్త్రసమ్మతమని నాకు ఆలస్యంగా తోచింది. ఈ నొప్పి మూడవరోజు నుంచి వారం వరకు పెరిగి తగ్గుతుంది. గొంతులో తెల్లని పొర, నోటి దుర్వాసన, చెవులలో పోటు సహజం. చెవిలో నూనెలు పోయకండి.

5. అతిమధురం: ఇతర శస్త్రచికిత్సలలో మత్తు ఇచ్చేటప్పుడు గొంతులో గొట్టం పెట్టినందువల్ల కలిగే గరగరకు, పుక్కిలించి ఉమ్మివేయగల పెద్దపిల్లలు పలుచని అతిమధురం కషాయంతో పుక్కిలించవచ్చు. టాన్సిల్స్ తీసిన గొంతుకు ఇది వద్దు. సర్జన్‌ను అడిగిన తరువాతే చేయండి.

ఏవి వద్దు?

కుట్ల మీద పసుపు, కాఫీపొడి, వేపాకు ముద్ద, ఏ తైలమూ పెట్టరాదు. పసుపు గుణం మంచిదే, కాని డబ్బాలోని పొడి క్రిమిరహితం కాదు. నిద్రపట్టడానికి జాజికాయ అరగదీసి నాకించడం, వస, గసగసాల కషాయం వంటివి ఈ రోజులలో పూర్తిగా మానాలి. మత్తు వదులుతున్న శరీరానికి మరొక మగత తోడైతే శ్వాస కుంటుపడవచ్చు. ఏడాదిలోపు శిశువుకు తేనె ఇవ్వరాదు. పాదరసం, సీసం వంటి లోహాలు కలిసిన రసౌషధాలు, భస్మాలు పిల్లలకు స్వంతంగా వాడరాదు. బిడ్డ ఏదైనా ఆయుర్వేద మందు వాడుతూ ఉంటే శస్త్రచికిత్సకు రెండు వారాల ముందే సర్జన్‌కు, మత్తు డాక్టరుకు చెప్పండి. కొన్ని మూలికలు రక్తం గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తాయి. ఈ మాట దాచడం వైద్యుణ్ణి మోసం చేయడం కాదు, బిడ్డను మోసం చేయడం.

మందుకు తోడైన ఉపచారాలు

శస్త్రచికిత్సకు ముందే బిడ్డకు నిజం చెప్పండి. "అసలు నొప్పే ఉండదు" అని అబద్ధం చెబితే తరువాత మీరేమి చెప్పినా నమ్మదు. "కొంచెం నొప్పి ఉంటుంది, తగ్గించడానికి మందు ఉంది, అమ్మ పక్కనే ఉంటుంది" అంటే చాలు. తల్లిదండ్రుల ఆందోళన బిడ్డకు అంటుతుంది. కన్నీళ్లు వస్తే గది బయట పెట్టుకోండి.

కథ చెప్పండి, పాట పాడండి, బొమ్మలు గీయించండి. సుశ్రుతుడు చెప్పిన కథోపచారం నేటి పరిశోధనలలోనూ నిలిచింది. సబ్బు బుడగలు ఊదించడం చిన్నపిల్లలకు గొప్ప ప్రాణాయామం, ఊపిరి దానంతట అదే లోతుగా సాగుతుంది. పొట్టకు కుట్లు ఉన్న బిడ్డ దగ్గేటప్పుడు చిన్న దిండును పొట్టకు అదిమిపట్టుకోమనండి. సర్జన్ అనుమతిస్తే మరునాడే నాలుగడుగులు నడిపించండి. నడిపించడానికి, కట్టు మార్చడానికి అరగంట, గంట ముందు నొప్పిమందు పడేటట్లు వేళ సర్దుకోండి. పాలు త్రాగే శిశువుకు సూది వేసేటప్పుడు తల్లి ఒడిలో స్తన్యం ఇవ్వడమే ఉత్తమమైన ఉపశమనం.

కౌమారంలో ఉన్నవారి సంగతి

పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల వయస్సువారు చిన్నపిల్లలూ కారు, పెద్దలూ కారు. "మగపిల్లవాడివి, ఏడుస్తావా?" అన్న ఒక్కమాటతో అబ్బాయి నోరు మూసుకుంటాడు. తరువాత వాని నొప్పి మనకు తెలియదు. అమ్మాయిలు సిగ్గువల్ల చెప్పరు, వారిని ఒంటరిగా అడగాలి. ఎముక విరిగిన కుర్రవాడు మళ్లీ ఆడగలనా అని, పరీక్ష తప్పిపోతుందేమో అని లోలోపల కుములుతూ ఉంటాడు. ఆ దిగులు నొప్పిని పెంచుతుంది. మందువేళల పట్టికను వారి చేతికే ఇచ్చి, పదికి ఎంత నొప్పి ఉన్నదో వారినే వ్రాయమనండి. మాత్రలు మాత్రం పెద్దల వద్దనే ఉండాలి. రాత్రంతా ఫోను చూస్తూ మేల్కొంటే నొప్పి తగ్గదు. పగలు కొంతసేపు సంగీతం, స్నేహితుల మాటలు మేలు చేస్తాయి.

ఆలస్యం చేయరాని లక్షణాలు

మందు వేసినా నొప్పి పెరుగుతూ ఉంటే, గాయం ఎర్రబడి వాచి చీము కారితే, జ్వరం వస్తే, వాంతులు ఆగకపోతే, ఎనిమిది గంటలుగా మూత్రం కాకపోతే, పొట్ట ఉబ్బి గట్టిపడితే, కట్టు కింద వేళ్లు చల్లబడి నీలమైనా, తిమ్మిరెక్కినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. బిడ్డ లేపినా లేవకుండా మగతగా ఉన్నా, ఊపిరి మందగించినా నిమిషం కూడా ఆగవద్దు. టాన్సిల్స్ తీసిన తరువాత ఎర్రని రక్తం కనిపిస్తే, బిడ్డ ఏమీ లేకుండానే మాటిమాటికీ గుటకలు మింగుతూ ఉంటే, అది పదవరోజైనా సరే, రాత్రి రెండు గంటలైనా సరే, బయలుదేరండి. ఏ కషాయమూ ఆ పని చేయలేదు.

నా మాట

ఆనాటి నుంచి నా వద్దకు శస్త్రచికిత్స జరిగిన బిడ్డను తీసుకువచ్చినవారిని నేను అడిగే మొదటి ప్రశ్న మారింది. "ఏమి తింటున్నాడు?" అని అడిగేవాడిని. ఇప్పుడు, "నొప్పి ఎంత ఉన్నదంటున్నాడు?" అని అడుగుతున్నాను. సర్జన్ వ్రాసిన చీటీ చూసి, ఆ మందు వేళకు పడుతున్నదో లేదో తెలుసుకున్న తరువాతే జావ సంగతి, పెసరకట్టు సంగతి చెబుతున్నాను.

మా మనుమరాలు ఇప్పుడు కాలేజీ వయస్సుకు వచ్చింది. వేసవిలో ఐస్‌క్రీం తెస్తే మొదటి గిన్నె నా ముందు పెట్టి, "తాతయ్యా, కంఠం కఫస్థానం" అంటుంది. నేను మారుమాట లేకుండా తింటాను.